మాటల వెనక చరిత్ర – 7: ఇచ్చినోళ్లెవరు, అడిగినోళ్లెవరు?

మిత్రులారా, ఈ వారం ఒక చిన్న క్రియ గురించి మాట్లాడుకుందాం. ఇచ్చుడు. పుస్తకాల్లో ఇచ్చు, ఇవ్వు. మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు ఇయ్యి, ఇచ్చిండు, ఇయ్యలే.

ముత్యంపేటలో గానీ, చుట్టుపక్కల ఏ ఊళ్లో గానీ ఒక పూట కూర్చుని వినండి. ఇలాంటి వాక్యాలు చెవిన పడతాయి.

"పెద్దబిడ్డను కోరుట్లకు ఇచ్చినం."
"కూలి పైసలు ఇంకా ఇయ్యలే."
"సర్కారు ఇల్లు ఇచ్చింది."
"ఫ్యాక్టరీ తెరిపించి పని ఇయ్యాలె."
"మమ్ముల లోపలికి రానియ్యలే."

అయిదింటిలోనూ క్రియ ఒక్కటే. ఇచ్చేదెవరు, ఇస్తున్నదేమిటి, పుచ్చుకునేదెవరు అని ఒక్కో వాక్యాన్నీ అడిగి చూడండి. మొదటి వాక్యంలో ఇచ్చేది తల్లిదండ్రులు, ఇచ్చిన వస్తువు ఆడపిల్ల. పెళ్లి ఆమెదే అయినా ఆ వాక్యంలో ఆమె కర్త కాదు, కర్మ. "వాళ్లకు పిల్లనియ్యం" అనే మాటతో కులం గోడ కూడా ఈ క్రియ మీదే లేస్తుంది.

రెండో వాక్యం చూడండి. కూలి అంటే చేసిన పనికి రావాల్సిన బాకీ. పన్ను చెల్లిస్తాం, మొక్కు చెల్లిస్తాం. కూలి దగ్గరికి వచ్చేసరికి మాత్రం దొర 'ఇచ్చిండు'. బాకీకీ దయకూ ఒకటే మాట వాడితే, కొన్నాళ్లకు బాకీ కూడా దయలాగే వినిపిస్తుంది. సర్కారు ఇల్లు సంగతీ అంతే. నాలుగో వాక్యం మాత్రం కొంచెం వేరు. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అప్పటి నుంచి రైతులు, కార్మికులు అంటున్న ఆ 'ఇయ్యాలె'లో బతిమాలుడు లేదు. తమ చెమటతో నడిచిన ఫ్యాక్టరీ మీద తమకున్న హక్కును అడుగుతున్నారు.

ఇక అయిదో వాక్యం. మన చరిత్ర చాలావరకు అందులోనే ఉంది.

తెలుగులో ఒకరిని ఒక పని చెయ్యడానికి ఒప్పుకోవడాన్ని కూడా 'ఇచ్చు'తోనే చెప్తాం. రానిచ్చు, కూర్చోనిచ్చు, తాగనిచ్చు, చదవనిచ్చు. ఒకరి కదలికను ఇంకొకరు 'ఇస్తున్నారు' అన్నమాట. ఈ రూపాలను వ్యతిరేకార్థంలో వరుసగా పెట్టండి: గుళ్లెకు రానియ్యరు, బాయిల నీళ్లు తోడనియ్యరు, గద్దె మీద కూసోనియ్యరు, చెప్పులేసుకొని నడవనియ్యరు. అంటరానితనం చరిత్రను ఈ 'నియ్యరు' ఒక్కటే పెట్టుకొని రాయొచ్చు.

ఇంకో సంగతి. ఇచ్చుడంటే చేతిలోంచి చేతిలోకి. అంటరానితనంలో ఆ రెండు చేతులు కలవకూడదు. అందుకే మనవాళ్లకు నీళ్లు 'ఇయ్యలే', ఎత్తి దోసిట్ల పోసిండ్రు. బువ్వ దూరం నుంచి ఏసిండ్రు. పైసలు కింద పెట్టిండ్రు, మనం ఏరుకున్నం. అమ్మ కూడా బువ్వ పెడుతుంది, నీళ్లు పోస్తుంది. క్రియ అదే అయినా, మధ్యలో ఉన్న దూరంతో అర్థం మారిపోయింది.

సాహిత్య భాష ఈ దూరానికి మెట్లు కట్టింది. దేవుడు ప్రసాదిస్తాడు. రాజు ఒసగుతాడు, బహూకరిస్తాడు. ధనవంతుడు దానం చేస్తాడు. కింద ఉన్నవాడు పైకి ఇస్తే అది సమర్పణ, అర్పణ. ఇచ్చేవాడి స్థాయిని బట్టి క్రియ మారుతుంది.

మన నేల మీది శాసనాలు చూసినా ఇదే కనిపిస్తుంది. పదో శతాబ్దంలో వేములవాడ చాళుక్యరాజు రెండో అరికేసరి కన్నడ కవి పంపకు అగ్రహారం ఇచ్చాడు. పంప తమ్ముడు జినవల్లభుడు వేయించిన కుర్క్యాల శాసనంలోని కంద పద్యాలను మనం తెలుగు పద్యానికి తొలి ఆనవాళ్లలో ఒకటిగా చదువుకుంటాం. చదవాల్సిందే. కానీ అగ్రహారం ఇవ్వడమంటే ఆ ఊరి నేల మీద వచ్చే ఫలసాయాన్ని ఇవ్వడం. ఇచ్చిన రాజు పేరు, పుచ్చుకున్న కవి పేరు మనకు తెలుసు. ఆ నేల దున్నిన చేతుల పేర్లు తెలియవు.

ఇప్పుడు 1951కి వద్దాం. ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చారు, భూదానోద్యమం పుట్టింది. పాఠ్యపుస్తకం సాధారణంగా ఇంతే చెప్తుంది. దానికి ముందు జరిగిందేమిటి? ఆ ఊరి దళితవాడలో 40 కుటుంబాల మనుషులు వినోబా భావే ముందు నిలబడి బతకడానికి 80 ఎకరాలు కావాలని అడిగారు. దానికి కొన్నేళ్ల ముందు నుంచీ తెలంగాణ పల్లెలు భూమి కోసం సాయుధంగా పోరాడుతున్నాయి. ఆయన ఇచ్చింది నిజమే. కానీ చరిత్రకు 'దానం' అని పేరు పెట్టగానే అడిగినవాళ్లు వాక్యంలోంచి జారిపోయారు.

అదే క్రియను మన ప్రాంతం 1978లో తిప్పి పట్టుకుంది. ఆ ఏడాది సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. వెట్టి పోవాలె, కూలి పెరగాలె, దొరల చేతుల్లోని బంజర్లు పేదలకు రావాలె. పంచాయితీల పేరుతో గుంజుకున్న దండుగలు 'తిరిగి ఇయ్యాలె'. ఈ 'తిరిగి' అనే ఒక్క మాట చూడండి. అది ముందు ఉంటే దొర దాత కాడు, బాకీదారు. అక్టోబరులో ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

మహద్ కథ కూడా ఇక్కడే గుర్తు చేసుకోవాలి. ప్రజల సొమ్ముతో నడిచే చెరువులు, బావులు అంటరానివాళ్లకూ తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లో తీర్మానించింది. మహద్ మునిసిపాలిటీ కూడా చవదార్ చెరువును తెరుస్తున్నామంది. కాగితం మీద 'ఇచ్చారు'. నీళ్లు మాత్రం ముట్టనియ్యలేదు. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో నడిచి వెళ్లి ఆ నీళ్లు తాగారు. ఇచ్చిన హక్కుకూ వాడుకున్న హక్కుకూ ఉన్న తేడా అది.

అందుకే మన సభల్లో, మన ఫ్లెక్సీల మీద "అంబేద్కర్ ప్రసాదించిన రాజ్యాంగం" అని కనిపిస్తే నాకు ఇబ్బందిగా ఉంటుంది. ప్రసాదం గుడి మాట. ఏ గుడి మనల్ని రానియ్యలేదో ఆ గుడి మాటను ఆయనకు అంటగడుతున్నాం. రాజ్యాంగ పీఠిక తీసి చదవండి. అందులో కర్త 'మేము', ఈ దేశ ప్రజలం. ఎవరో పైనుంచి ఇస్తే కిందివాళ్లు పుచ్చుకోవడం లేదు. ప్రజలు తమకు తాము ఇచ్చుకుంటున్నారు. తెలుగులో 'ఇచ్చు'కు పక్కన 'కొను' చేరితే పుట్టే రూపం అది: ఇచ్చుకొను. ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఒకరే కాబట్టి అక్కడ మెట్లు లేవు.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. "గవర్నమెంటు మనకు స్కాలర్‌షిప్ ఇస్తుంది కదా సార్, ఎట్ల అడుగుతం?" అనే ప్రశ్న తరచూ వింటాను. షెడ్యూల్డ్ కులాల పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో, అంబేద్కర్ వైస్రాయి కౌన్సిల్‌లో ఉన్న కాలంలో మొదలైంది. దాని వెనక దశాబ్దాల అడుగుడు ఉంది. బాకీ రావాల్సినవాడు అడగడానికి ఎందుకు జంకాలి? ఈసారి దరఖాస్తు రాసేటప్పుడు "దయచేసి ఇప్పించగలరని ప్రార్థన" కొట్టేసి, "మాకు రావాల్సిన స్కాలర్‌షిప్ విడుదల చేయండి" అని రాయండి. రాశాక ఒకసారి పైకి చదవండి. గొంతు ఎంత మారుతుందో మీకే తెలుస్తుంది.

వచ్చే వారం 'అడుగు' గురించి. తెలుగులో ఆ మాటకు ప్రశ్నించడమనీ అర్థం ఉంది, కాలు ముందుకు వెయ్యడమనీ ఉంది.

జై భీం.