పూత, పత్రిక, ఓటు

మామిడితోట గుత్తబేరం చూసినవారికి ఒక సంగతి తెలుసు. వ్యాపారి పూత చూసి ధర చెబుతాడు. రైతు వింటాడు, తల ఊపుతాడు. కాని చెట్టుమీద తన లెక్క తనకుంటుంది. మా ఆగిరిపల్లి ప్రాంతంలో ఎన్నికలప్పుడు పత్రిక చదవడం కూడా ఇలాంటిదే. ఒకరు పైకి చదివితే పదిమంది వింటారు.

"ఏం బాబాయ్, పేపరు ఎవరికి వెయ్యమంటోంది?"

"దానికి మనూళ్ళో ఓటు లేదురా అబ్బాయ్!"

నవ్వులాటకన్న మాటే. అయినా చరిత్ర తిరగేస్తే ఇందులో సగం నిజం ఉంది. ఆ మిగతా సగం ఏమిటో చూద్దాం.

1955 ఫిబ్రవరి. ఆంధ్రరాష్ట్రం పుట్టి ఏడాదిన్నర కూడా నిండలేదు. ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం పడిపోయి ఎన్నికలొచ్చాయి. కృష్ణాజిల్లా కమ్యూనిస్టులకు కంచుకోట. ఈసారి ప్రభుత్వం వారిదేనని అనుకున్నవారు చాలామంది. అప్పట్లో మద్రాసులో అచ్చయ్యే 'ఆంధ్రప్రభ'లో నార్ల వెంకటేశ్వరరావుగారు కమ్యూనిస్టులమీద కలం దూశారు. అటువైపు బెజవాడ నుంచి 'విశాలాంధ్ర' జవాబు చెప్పింది.

తమాషా ఏమిటంటే, మరో దెబ్బ మాస్కోనుంచి వచ్చి తగిలింది. ఆ రిపబ్లిక్ దినోత్సవానికి 'ప్రావ్దా' నెహ్రూగారి ప్రభుత్వాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. కాంగ్రెసువారు ఊరుకుంటారా? దాన్ని తెలుగులో అచ్చొత్తించి పంచారు. పుట్టింటివారే ఎదుటిపక్షాన్ని పొగిడితే కోడలు ఏమని వాదిస్తుంది?

196 స్థానాల్లో కమ్యూనిస్టులకు దక్కినవి 15. 1952లో ఇదే ప్రాంతంలో వారివి 41. ఇంకేం, పత్రికలే ఓడించాయన్నారు! అయితే ఓట్ల లెక్క వేరే కథ చెబుతుంది. వారి ఓట్లు నూటికి దాదాపు 22 నుంచి 31కి పెరిగాయి. ఎక్కువచోట్ల నిలబడ్డారు కనుక కొంత పెరగడం సహజమే. అయినా, ఓటర్లు పత్రిక చదివి బెదిరి పారిపోయారనడానికి ఈ లెక్క ఒప్పుకోదు. అసలు జరిగింది ఇది: 1952లో విడివిడిగా పోటీచేసిన కాంగ్రెసు, ప్రకాశంగారి వర్గం, రంగాగారి కృషికార్ లోక్‌పార్టీ ఈసారి చేతులు కలిపాయి. పత్రికలు ఆ కలయికకు గాలి పోసి ఉంటాయి. కలిపింది మాత్రం నాయకుల అవసరం.

1983 సంగతీ అంతే. తెలుగుదేశం పుట్టింది 1982 మార్చి 29న. తొమ్మిది నెలలు తిరిగేసరికి 294 స్థానాల్లో రెండువందలకు పైగా గెలిచింది. 'ఈనాడు' అండ లేకపోతే అంత జరిగేదా అన్నారు. అండ మాట నిజమే. కాని అంతకుముందు ఐదేళ్ళలో కాంగ్రెసు నలుగురు ముఖ్యమంత్రులను మార్చింది. జనం కడుపులో ఉన్న మంటకు పత్రిక మాటలిచ్చింది. మంటను పుట్టించింది పత్రిక కాదు. అలా పుట్టించగలిగితే 2004లో ఆ పార్టీకి 47 స్థానాలే ఎందుకు వస్తాయి? అవతలి ఇంట్లోనూ ఇదే కథ. జగన్మోహనరెడ్డిగారి కుటుంబం 'సాక్షి'ని 2008లో పెట్టింది. ఆ పత్రిక ఉండగానే 2019లో ఆయన పార్టీకి 151, 2024లో 11 స్థానాలు వచ్చాయి. అమెరికాలోనూ 1948లో పత్రికల్లో ఎక్కువభాగం డ్యూయీ పక్షం వహిస్తే, గెలిచినవాడు ట్రూమన్.

మరి పత్రికకు బలం లేదా? లేకేం, ఉంది. ఏ సంగతి గురించి రచ్చబండ మీద మాట్లాడుకోవాలో అది నిర్ణయిస్తుంది. ఎటు వెయ్యాలో తేలనివాణ్ణి ఒక పక్కకు ఒరిగిస్తుంది. పోటీ బిగువుగా ఉన్నచోట ఆ ఒరుగు చాలు. ఇదే ఆ మిగతా సగం.

ఆ బలానికి చెల్లించే ధర మాత్రం ఎన్నికలయ్యాక తెలుస్తుంది. మూడునెలలు ఒకే పార్టీ జెండా మోసిన పేపరు, ఆ తర్వాత కాలవనీళ్ళ గురించి రాసినా, బంగినపల్లి ధర గురించి రాసినా, "ఇదెవరి పేపరు?" అని అడిగాకగాని బాబాయ్ నమ్మడు. ఓటు ఐదేళ్ళకోసారి అవసరం. నిజం ప్రతి ఉదయం కావాలి.