మా సందుకు రేటొస్తే

2022 ఫిబ్రవరి 24న తిరుపతికి పుట్టినరోజు చేశారు. 1130లో రామానుజాచార్యులు గోవిందరాజస్వామి గుడి వెలయించి, చుట్టూ వీధులు ఏర్పరిచిన రోజు అదేనని లెక్కగట్టి 892 ఏళ్లు అన్నారు. ఊరికి పుట్టినరోజు చేయడం మంచిదే. మేమూ ఆ ఊరివాళ్లమే. అయితే ఇంట్లో పుట్టినరోజు చేసేటప్పుడు పెద్దలు అందరి పేర్లూ తలుచుకుంటారు గదా. ఈ తలుచుకోవడంలో మా సందుల ఊసు లేదు. ఊరి చరిత్రలో లేనోళ్లు ఊరి ప్లానులో ఎక్కడ ఉంటారు?

ఈ అనుమానం ఊరకే రాలేదు. పాత తిరుపతిలో, చిత్తూరు సంతపేట, గిరింపేటల్లో మావాళ్లు ఉండే ఇరుకు సందులు రేపు ఏమవుతాయి? బాగుపడతాయా? బాగుపడితే మేమందులో ఉంటామా? కాలవలు పొంగే చోట, ఒకే కుళాయికి పదిళ్లు కాచుకునే చోట ఈ ప్రశ్న వేడుక కబురు కాదు.

దీనికి ఇంగ్లీషులో ఒక పేరుంది, జెంట్రిఫికేషన్. 1964లో రూత్ గ్లాస్ అనే సామాజిక శాస్త్రవేత్త లండన్‌ను చూసి పెట్టిన మాట అది. ఇస్లింగ్టన్ లాంటి పేటల్లో కూలీల పాత ఇళ్లను మధ్యతరగతి కొనుక్కుని సున్నాలు వేయించుకోవడం, బాడుగలు పెరగడం, చివరకు తొలినాటి కూలీ కుటుంబాలు అక్కడ మిగలకపోవడం ఆమె చూసింది. 1979లో నీల్ స్మిత్ ఇంకో మెలిక చెప్పాడు. ఒక జాగాకు ఇప్పుడొస్తున్న బాడుగ ఎంత? అదే జాగాను కూల్చి కొత్తగా కడితే రాగల బాడుగ ఎంత? ఆ రెంటి మధ్య తేడా ఎంత పెరిగితే అంత త్వరగా డబ్బు అక్కడికి ఉరికొస్తుంది. పేట పాడుబడటమే డబ్బుకు పిలుపన్నమాట. మేం చదివిన వాటిలో మా సందులకు ఇంతగా అతికే మాట ఇంకొకటి లేదు.

మరి మా సందులు ఎందుకు పాడుబడ్డాయి? చరిత్ర పుస్తకాలు తెరిస్తే ఈ సీమలో ముసల్మాను అంటే నవాబే. 1646లో గోల్కొండ సేనలు చంద్రగిరిని తీసుకున్నాయి. 1740లో దామలచెరువు కనుమలో మరాఠాల చేతిలో ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ చనిపోయాడు. 1782లో హైదర్ అలీ చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో కన్నుమూశాడు. 1750ల్లో తిరుమల గుడి ఆదాయాన్ని ఆర్కాటు నవాబు అప్పుల కింద ఇంగ్లీషు కంపెనీకి కట్టబెట్టాడు. 1801లో కర్ణాటక రాజ్యమే కంపెనీ పాలయింది. 1843లో కంపెనీ గుడిని హాథీరాంజీ మఠం మహంతులకు అప్పజెప్పింది. 1933లో దేవస్థానం కమిటీ వచ్చింది. ఈ లెక్కంతా దొరలది, నవాబులది, మహంతులది. ఇందులో మా తాతలు ఎక్కడా లేరు. మా తాతలు దూది ఏకారు, లాడాలు కొట్టారు, తోళ్లు ఊరబెట్టారు, గుర్రాలకు గుగ్గిళ్లు పెట్టారు. నవాబు చేసిన పనికి ఇప్పటికీ మమ్మల్ని నిలదీసేవాళ్లు ఉన్నారు గానీ, నవాబు ఆస్తిలో మాకు వచ్చింది చిల్లిగవ్వ లేదు.

1890ల తొలినాళ్లలో మీటరుగేజి రైలు తిరుపతికి వచ్చాక యాత్రికుల రాక పెరిగింది. రైలు దిగిన యాత్రికుణ్ణి అలిపిరి దాకా చేర్చడానికి జట్కా కావాలి. రాయలసీమ ఊళ్లలో జట్కా అంటే సాయిబే అని అందరికీ తెలిసిన సంగతి. 1944లో ఘాట్ రోడ్డు పడి బస్సులు కొండెక్కడం మొదలయ్యాక జట్కా పని తగ్గింది. తర్వాత రిక్షా, ఆ తర్వాత ఆటో. పని మారినా ఉండే చోటు మారలేదు. టేషన్‌కూ బజారుకూ నడిచిపోయేంత దూరంలో ఉండాలి. పొద్దున నాలుగు గంటలకు బండి తీసేవాడు ఊరి బయట కాలనీలో ఉంటే కుదరదు. మెకానిక్ షెడ్డు, దర్జీ అంగడి, పరుపుల అంగడి, కైమా కొట్టే అంగడి, అన్నీ ఆ లెక్కనే ఊరి నడుమ మిగిలాయి. గుడి ఊరిని పోషించింది నిజమే, ఆ ఊరిని మోసిన భుజాల్లో మావీ ఉన్నాయి.

నడుమన ఉండటమే ఇప్పుడు ముప్పు. రోజుకు అరవై వేలమందికి పైగా యాత్రికులు వచ్చే ఊరిలో టేషన్‌కు దగ్గరున్న అంకణం జాగా బంగారం. ఆ బంగారం మీద రేకుల ఇల్లుంది, అందులో బాడుగకున్న కుటుంబం ఉంది. అక్కడే లాడ్జి లేస్తే ఒక్క గదికి ఒక్క రాత్రికి వచ్చేది, ఆ కుటుంబం నెలంతా కట్టే బాడుగకు ఏమాత్రం దూరంగా ఉంటుంది? నీల్ స్మిత్ చెప్పిన తేడా ఇదే.

ఆ తేడాను పెంచింది మేం కాదు. 2006లో సచార్ కమిటీ రిపోర్టు ఒక మాట రాసింది. ముసల్మాన్లు ఎక్కువగా ఉండే ప్రాంతాలను కొన్ని బ్యాంకులు ‘నెగెటివ్ జోన్లు’గా గుర్తుపెట్టుకుని అప్పులివ్వడం లేదని. అదే రిపోర్టు ప్రకారం 2001 లెక్కల్లో దేశ జనాభాలో పట్టణాల్లో ఉన్నవాళ్లు 27.8 శాతం అయితే, ముసల్మాన్లలో 35.7 శాతం. అంటే పట్టణం మీద ఎక్కువగా ఆధారపడిన జనానికే పట్టణంలో ఇల్లు బాగుచేసుకునే అప్పు పుట్టదు. అప్పు పుట్టని చోట ఇల్లు కూలుతుంది, ఇల్లు కూలిన చోట ధర పడిపోతుంది, ధర పడిపోయిన చోటికి అదే బ్యాంకు అప్పుతో ఇంకొకడు వస్తాడు. వేరే పేటలో బాడుగకు పోదామంటే పేరు అడుగుతారు. పేరు చెప్పగానే ‘మా ఇంట్లో మాంసం వండకూడదు’ అంటారు. మాంసం తినే రెడ్డికీ నాయుడుకీ ఈ నియమం ఎలా వర్తిస్తుందో మాకు ఇంతవరకూ అర్థం కాలేదు.

అయితే ఖాళీ చేయించడం మతం చూసుకునే జరుగుతుందనుకుంటే పొరపాటు. లౌకికవాద మిత్రులూ, మావాళ్లూ ఇద్దరూ కొండవైపు చూడాలి. తిరుమలలో గుడి చుట్టూ ఒకప్పుడు ఊరుండేది. సన్నిధి వీధిలో, మాడవీధుల్లో తరతరాల ఇళ్లు, అంగళ్లు ఉండేవి. అర్చకులవి, కైంకర్యాలు చేసేవాళ్లవి, పూల అంగళ్లవాళ్లవి. యాత్రికుల రద్దీ పేరిట, మాస్టర్ ప్లాన్ పేరిట దశాబ్దాల పాటు వాటిని తొలగించారు. కొందరికి కొండమీదే బాలాజీనగర్‌లో చోటిచ్చారు, చాలామంది కొండ దిగారు. 2003లో వేయికాళ్ల మండపాన్నే కూల్చేశారు. దేవుడి ముందరి రాతి మండపానికి, దేవుడి సేవకుల ఇళ్లకు దక్కని దయ జట్కావాళ్ల మనవళ్ల రేకుల ఇళ్లకు దక్కుతుందా? వాళ్లు వేరే మేం వేరే అనుకున్నన్నాళ్లు ఈ సంగతి ఎవరికీ బోధపడదు.

కింద తిరుపతిలో 2007లో కార్పొరేషన్ వచ్చింది. 2016లో స్మార్ట్ సిటీ జాబితాలో పేరు చేరింది. 2023 సెప్టెంబరులో ఏడు కిలోమీటర్ల శ్రీనివాస సేతు తెరుచుకుంది. యాత్రికుడు ఊరి నెత్తిమీదుగా అలిపిరి వైపు పోతాడు, కింద అంగడివాడు పైకి చూస్తాడు. ఈ మధ్యే మాస్టర్ ప్లాన్ రోడ్లు వేశారు. రోడ్డు వెడల్పులో జాగా పోయినవాళ్లకు నగదుకు బదులు టీడీఆర్ బాండ్లు ఇచ్చే పద్ధతి ఉంది. జాగా ఇచ్చినవాడు ఇంకోచోట అదనపు అంతస్తు వేసుకోవచ్చు, లేదా ఆ హక్కు అమ్ముకోవచ్చు. పట్టా ఉన్నవాడికి బాండు. పట్టా లేని మాటల ఒప్పందంతో ముప్పై ఏళ్లు అంగడి నడిపిన బాడుగదారుకు ఏముంది? మా సందుల్లో ఎక్కువమంది ఈ రెండోవాళ్లే. రోడ్డు వెడల్పయితే మిగిలిన సగం జాగా ఇంటికి చాలదు, లాడ్జి కాంప్లెక్సుకు పక్కవాడి జాగాతో కలిపితే చాలుతుంది. కొనేవాడు అప్పుడొస్తాడు.

కాబట్టి తిరుపతి పాత సందుల గురించి మా అంచనా ఇది. లండన్‌లోలా చదువుకున్నవాళ్లు వచ్చి పాత ఇళ్లు ముచ్చటగా బాగుచేసుకుని కాపురముండటం ఇక్కడ జరగదు. మధ్యతరగతికి ఊరి బయట అపార్టుమెంట్లు ఉన్నాయి. ఇక్కడికొచ్చేది కాపురం కాదు, లాడ్జి. మనుషులు మారరు, మనుషులే ఉండరు. రోజూ మారే యాత్రికులు ఉంటారు. రోడ్డు అంచున మొదలవుతుంది, లోపలి సందుకు కారు పోయేంత దారి పడినప్పుడు లోపలికి వస్తుంది.

దీన్ని ఆపగలిగేది ఒకటుంది, వక్ఫ్ జాగా. మసీదు పేర, దర్గా పేర, ఖబరస్తాన్ పేర ఉన్న భూమి అమ్మకానికి రాదు. కానీ కాగితం ఉండాలి. మణికొండలో హుస్సేన్ షా వలీ దర్గాకు చెందినదని వాదించిన 1,654 ఎకరాలు ప్రభుత్వానిదేనని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటికే అక్కడ ఆకాశమంత మేడలు లేచాయి. 2025 సవరణ చట్టం వచ్చాక, వాడుక మీద వక్ఫ్ అనే పాత హక్కు ఇక కొత్తగా పుట్టదు. ముందే రిజిస్టరై, తగాదా లేనివి, ప్రభుత్వ భూమి కానివి మాత్రమే నిలుస్తాయి. ఆ ఏడాది జూన్‌లో ఉమీద్ పోర్టల్ తెరిచి, వివరాలు ఎక్కించడానికి ఆరు నెలల గడువిచ్చారు. ముతవల్లీ గారి పెట్టెలో చెదలు తిన్న కాగితం ఇన్నాళ్లూ ఎవరికీ పట్టలేదు.

ఇంకో సంగతి మాలో మేం మాట్లాడుకోవాలి. రాయచోటి, మదనపల్లె, పీలేరు వైపు నుంచి కువైట్ పోయినవాళ్ల డబ్బు ఈ సీమలో చాలా ఇళ్లకు స్లాబు వేసింది. మంచిదే. ఆ స్లాబు కింద బాడుగ ఎవరు పెంచుతున్నారు? పాత బాడుగదారును లేపి అంగడి పెట్టుకునే ఓనరూ సాయిబే, లేచిపోయేవాడూ సాయిబే. వక్ఫ్ అంగళ్లను అగ్గువ బాడుగకు పట్టుకుని, బయటివాడికి పదింతలకు ఇచ్చుకునే పెద్దలూ మాలోనే ఉన్నారు. జమాత్ అంతా ఒక్కటే అంటూ ఈ తగువును దాచిపెట్టడం మాకు ఇష్టం లేదు.

అలిపిరి దగ్గర ఒబెరాయ్ వాళ్లు కట్టబోయిన ఐదు నక్షత్రాల హోటల్‌కు ముంతాజ్ అని పేరు పెట్టుకున్నారు. కొండ పాదం దగ్గర హోటళ్లేమిటనే అభ్యంతరం వేరు, అందులో న్యాయముంది. కానీ ఆందోళనలో పేరు మీద కూడా పెద్ద రభస నడిచింది. 2025 మార్చిలో ముఖ్యమంత్రి ఆ కేటాయింపు రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. హోటల్ వాళ్లలో సాయిబు ఎవరూ లేరు, పేరు మాత్రమే సాయిబుది. అంత పెద్ద కంపెనీకే ఆ పేరు బరువైతే, మస్తాన్ మెకానిక్ షెడ్డు బోర్డు ఎన్నాళ్లు మోస్తుంది?

చిత్తూరు కథ వేరు. నిజాం నవాబుల ఊరు కాదది, కంపెనీవాళ్ల కచేరీల ఊరు. ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం, 1911 నుంచి సొంత జిల్లాకే ముఖ్యపట్టణం. ఇంగ్లీషు దొర పేరిట వెలిసిన గ్రీమ్స్‌పేట జనం నోట్లో గిరింపేట అయింది. మామిడి, బెల్లం, పాలు ఊరిని నడిపించాయి. 2002లో సహకార డెయిరీ మూతపడింది, తర్వాత చక్కెర ఫ్యాక్టరీ. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయింది. బెంగుళూరు-చెన్నై ఎక్స్‌ప్రెస్ రహదారి చిత్తూరు మీదుగా పోతుందనగానే ధర లేచింది ఊరి బయటి పొలాలకే. సంతపేట సందుల్లో ఆ డబ్బు కనబడదు. అక్కడ మావాళ్లకు వెళ్లగొడతారన్న భయం ఇప్పట్లో లేదు. ఉన్నది ఎవరూ పట్టించుకోరన్న బాధ. కాలవ తీయించుకోవాలంటే వార్డు సచివాలయం ముందు నిలబడాలి.

తిరుపతిలో ఆ తీరుబడి లేదు. రోడ్డు కొలతలకు టేపు పట్టుకుని మనుషులు రాకముందే ఎవరి ఇల్లు ఎవరి పట్టా, ఎవరు బాడుగ, ఎన్నేళ్లుగా, ఏ అంగడి ఎవరి పేర కరెంటు బిల్లు కడుతోంది అన్నది సందు సందుకూ రాసి పెట్టుకోవాలి. మసీదు కమిటీలు ఖబరస్తాన్ సరిహద్దులు పోర్టల్‌కు ఎక్కించడానికి తిరిగినట్టే, బాడుగదార్ల పట్టికకూ తిరగాలి. బండ్లు పెట్టుకున్నవాళ్లకు 2014 వీధి వ్యాపారుల చట్టం కింద గుర్తింపు కార్డులు అడగాలి. ఆ పట్టికలో పక్క సందు పూలమ్మే ఆవిడ పేరు కూడా ఉండాలి. కొండమీది నుంచి దిగొచ్చిన కుటుంబం మనవరాలు ఆమె కావచ్చు.