జీపును ఎంత ఎత్తు లేపాలి?

పాత జీపు చేతికొచ్చిన వారికి చాలామందికి కలిగే మొదటి కోరిక, దాన్ని మరికొంచెం పైకి లేపించాలని. రాళ్లదారిలో బండి అడుగు తగలకూడదు, పెద్ద టైర్లు పట్టాలి. కోరిక సహజమే. కానీ ఎన్ని అంగుళాలు?

నిజానికి జీపు పుట్టినప్పుడు అది పొట్టిగా ఉండాలన్నదే షరతు. 1940లో అమెరికా సైన్యం, నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే చిన్న గస్తీ బండి కావాలని కంపెనీలను కోరింది. అది శత్రువు కంటపడకూడదు. అందుకే ముందరి అద్దాన్ని కూడా మడిచేలా చేశారు. బాంటమ్ కంపెనీ ఆ సెప్టెంబరులోనే తొలి నమూనా అందజేసింది. తర్వాత విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు లక్షల సంఖ్యలో తయారుచేశాయి.

యుద్ధం ముగిశాక 1945లో పౌరుల కోసం సిజె-2ఎ వచ్చింది. 1953 నాటి సిజె-3బిలో కొత్త ఇంజను ఎత్తుగా ఉండటంతో బానెట్‌ను పైకి పెంచారు. ఈ నమూనానే మన దేశంలో మహీంద్రా కంపెనీ దశాబ్దాలపాటు తయారుచేసింది.

ఈ జీపుల్లో బరువును మోసేవి కమాను పట్టీలు. ఎక్కువ వంపున్న పట్టీలు వేస్తే ఛాసిస్ పైకి లేస్తుంది. అప్పుడు గట్టు ఎక్కేటప్పుడు బంపరు తగలదు, దిబ్బ దాటేటప్పుడు నడుము ఆనదు. కానీ ఇరుసు మాత్రం ఉన్నచోటే ఉంటుంది! దాన్ని లేపగలిగేది పెద్ద టైరు ఒక్కటే. టైరు వ్యాసం 2 అంగుళాలు పెరిగితే ఇరుసు లేచేది 1 అంగుళమే.

ఇక దీనికి చెల్లించే మూల్యం చూద్దాం. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం 48 అంగుళాలు, బండి గరిమనాభి ఎత్తు 24 అంగుళాలు అనుకుందాం. మధ్య దూరంలో సగాన్ని ఎత్తుతో భాగిస్తే 1 వస్తుంది. అంటే స్ప్రింగులు, టైర్లు అణగవనుకుంటే, నిలబడి ఉన్న బండి 45 డిగ్రీల వాలు దాటితే పక్కకు ఒరిగిపోతుంది. గరిమనాభి 2 అంగుళాలు లేస్తే ఈ హద్దు సుమారు 43 డిగ్రీలకు, 4 అంగుళాలు లేస్తే 41 డిగ్రీలకు దిగుతుంది. వేగంగా మలుపు తిరిగేటప్పుడు వాలు లేకుండానే ఇదే ప్రమాదం ఎదురవుతుంది.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. 1980 డిసెంబరులో అమెరికా టెలివిజన్‌లో సిజె-5 జీపు మలుపుల్లో బోల్తాపడే దృశ్యాలు ప్రసారమై పెద్ద దుమారం రేగింది. 1986లో సిజె జీపుల స్థానంలో వచ్చిన రాంగ్లర్‌ను మునుపటికన్నా వెడల్పుగా, కిందికి ఉండేలా రూపొందించారు. 2001 నుంచి అమెరికా ప్రభుత్వం కొత్త కార్లకు ఇచ్చే బోల్తా రేటింగులకు పైన మనం వేసిన భాగహారమే మూలం.

ఎత్తు పెంచితే మిగతా భాగాలూ ఊరుకోవు. ప్రొపెల్లర్ షాఫ్ట్ ఏటవాలు పెరిగి దాని కీళ్లు త్వరగా అరుగుతాయి. బ్రేకు గొట్టాలు, షాక్ అబ్సార్బర్లు పొడవు చాలవు. స్టీరింగు కడ్డీ కోణం మారి, గతుకుల్లో బండి తనంతట తానే పక్కకు లాగుతుంది. 2 అంగుళాల వరకు ఈ ఇబ్బందులను చిన్న మార్పులతో సరిదిద్దవచ్చు. కమాను పట్టీలను ఇరుసు కింద నుంచి పైకి మార్చి ఒకేసారి 5 అంగుళాలు లేపేవారూ ఉన్నారు. అప్పుడు దాదాపు ప్రతి భాగాన్నీ మళ్లీ అమర్చుకోవలసిందే.

మన దేశంలో చట్టం సంగతి కూడా ఉంది. తయారీదారు నిర్దేశించిన ప్రమాణాలకు భిన్నంగా బండిని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. సుప్రీంకోర్టు 2019లో దీన్ని గట్టిగా సమర్థించింది.

కాబట్టి పాత జీపుకు మొదట చేయవలసింది లేపడం కాదు, కొలవడం. ఏళ్ల తరబడి బరువు మోసిన కమాను పట్టీలు వంపు కోల్పోయి కుంగి ఉంటాయి. అసలు కొలతలతో కొత్త పట్టీలు వేస్తే, పోయిన ఎత్తు తిరిగి వస్తుంది. చాలా జీపులకు కావలసిన ‘లిఫ్ట్’ అంతే.