దాణాలో కలిసిన మందు

ఉట్నూర్ ఏజెన్సీలోని గోండు, కొలాం గూడేల్లో కోడి తరతరాలుగా పెరట్లో తిరిగే జీవం. 1940లలో మార్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని గ్రంథస్థం చేసిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ కాలంలో ఇక్కడి కోడి నాటుకోడే. దేవతకు మొక్కినా, ఇంట్లో వండినా అదే. ఇప్పుడు ఆ స్థానాన్ని చాలామటుకు ఫారం కోడి ఆక్రమించింది. ఆరు వారాల్లో రెండు కిలోలు తూగే కోడి రావడం వెనుక మేలైన జాతి, లెక్కగట్టిన దాణా, టీకాలు ఉన్నాయి. వాటితోపాటు యాంటీబయాటిక్ కూడా ఉంది. ఆ మందు వల్ల వచ్చే ప్రమాదాన్ని మనం మాంసంలో మిగిలిన అవశేషంతో కొలుస్తున్నాం. కానీ ఈ మందు దాణాలోకి వచ్చిన చరిత్రను పరిశీలిస్తే, ముందు కొలవాల్సింది షెడ్డులో ఎంత మందు వాడారన్నదేనని స్పష్టమవుతుంది.

ఆ చరిత్ర మొదటి అధ్యాయంలోనే ఒక తెలుగువాడి పేరు ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు సారథ్యం వహిస్తున్న కాలంలోనే అక్కడ బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను కనుగొన్నారు. 1948లో అది లోకానికి తెలిసింది, అదే ఏడాది సుబ్బారావు కన్నుమూశారు. మనుషుల ప్రాణాలు కాపాడటానికి పుట్టిన మందు అది. అదే సంస్థలో కోళ్ల పోషణ మీద పనిచేస్తున్న థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ ఆ మందు తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు పెట్టి చూస్తే అవి మామూలు కంటే ఎక్కువ బరువు పెరిగాయి. 1951లో అమెరికా ప్రభుత్వం యాంటీబయాటిక్‌లను దాణాలో కలపడానికి అనుమతించింది. అప్పటిదాకా జబ్బు చేసినవారికి ఇచ్చిన మందు, జబ్బే లేని కోడికి రోజూ కొద్దికొద్దిగా అందడం మొదలైంది. చిక్కంతా ఆ కొద్ది మోతాదులోనే ఉంది. అది సూక్ష్మజీవులన్నిటినీ చంపదు. బలహీనమైనవి పోతాయి, తట్టుకున్నవి మిగిలి పెరుగుతాయి. మన దేశంలో 1971లో బి.వి. రావు వెంకటేశ్వర హ్యాచరీస్ స్థాపించిన తర్వాత కోళ్ల పెంపకం పెరటి నుంచి పరిశ్రమ స్థాయికి ఎదిగింది. కోడిపిల్లల్ని, దాణాను, మందును కంపెనీ ఇచ్చి రైతు చేత పెంచి ఇప్పించుకునే ఇంటిగ్రేషన్ పద్ధతి ఆ తర్వాత విస్తరించింది. ఈ పద్ధతిలో పెంచేది రైతే అయినా, సంచిలో వచ్చే దాణాలో ఏముందో నిర్ణయించేది అతను కాదు.

హెచ్చరికలు ఆలస్యంగా ఏమీ రాలేదు. మనుషుల వైద్యానికి పనికొచ్చే మందుల్ని పశువుల ఎదుగుదల కోసం వాడొద్దని 1969లోనే బ్రిటన్‌లో స్వాన్ కమిటీ చెప్పింది. 1976లో స్టువర్ట్ లెవీ బృందం బోస్టన్ దగ్గరి ఒక ఫారంలో చేసిన ప్రయోగాన్ని ప్రచురించింది. టెట్రాసైక్లిన్ జాతి మందు కలిపిన దాణా తిన్న కోళ్ల పేగుల్లో వారం రోజుల్లోనే దాదాపు అంతా ఆ మందుకు లొంగని బ్యాక్టీరియాయే మిగిలింది. ఐదారు నెలలు గడిచేసరికి ఆ మందు తాము వాడకపోయినా ఫారం కుటుంబ సభ్యుల పేగుల్లోనూ అలాంటివి పెరిగాయి. ఇరుగుపొరుగు ఇళ్లలో అంతగా కనిపించలేదు. అంటే మందు కోడిలోనే ఆగినా, దానికి అలవాటుపడ్డ సూక్ష్మజీవి మనిషిని చేరగలదు. 2015లో చైనా శాస్త్రవేత్తలు కొలిస్టిన్‌ను తట్టుకునే ఎంసీఆర్-1 జన్యువును పశువుల్లో, మాంసంలో, రోగుల్లో కనుగొన్నారు. ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి తేలిగ్గా దాటే జన్యువు అది. మరే మందూ పనిచేయనప్పుడు వైద్యులు చివరగా ఎత్తుకునే అస్త్రం కొలిస్టిన్. 2019 జూలైలో భారత ప్రభుత్వం ఆహారం కోసం పెంచే జంతువులకు దాని వాడకాన్ని నిషేధించింది.

బాగా ఉడికిస్తే సూక్ష్మజీవులు చస్తాయి కదా, ఇక భయమెందుకని అడిగేవారున్నారు. ఉడికిన కూర మట్టుకు ఆ మాట నిజమే. కానీ కోడి కూర అయ్యేలోపు ఎన్ని చేతులు మారుతుందో చూడాలి. మన చిన్న ఊళ్లలోని చికెన్ దుకాణంలో కోసిన కోళ్లన్నిటినీ ఒకే వేడినీళ్ల గిన్నెలో ముంచుతారు, ఈకలు పీకే ఒకే డ్రమ్ములో తిప్పుతారు, ఒకే చెక్క మొద్దు మీద ముక్కలు కొడతారు. ఒక కోడి పేగులోని సాల్మొనెల్లా పది కోళ్ల చర్మానికి అంటడానికి ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. ఇంటికొచ్చాక ఆ ముక్కలు కడిగిన చేత్తోనే ఉల్లిగడ్డ కోస్తే పొయ్యి వేడి ఆ ఉల్లిగడ్డను కాపాడదు. ఇక షెడ్డులోని ఊక, రెట్ట ఎరువుగా చేలకు పోతాయి. అక్కడ పొయ్యే లేదు. చట్టం సంగతికొస్తే, మందు అవశేషం మీద నిబంధనలు లేకపోలేదు. 2012 నిబంధన ప్రకారం, మందు లేబుల్ మీద ప్రత్యేకంగా గడువు రాయకపోతే, ఆఖరి మోతాదుకూ కోతకూ మధ్య 28 రోజులు ఆగాలి. దాదాపు 42 రోజులే బతికే కోడికి ఈ లెక్క సరిగ్గా పాటిస్తే మొదటి రెండు వారాల తర్వాత మందు ముట్టించకూడదు. 2025 ఏప్రిల్ నుంచి ఆహార భద్రతా ప్రాధికార సంస్థ నిషిద్ధ మందుల జాబితాను ఇంకా పెంచింది. అయినా ల్యాబ్‌లో మాంసం ముక్క అవశేషం పరీక్ష నెగ్గినంత మాత్రాన ఆ షెడ్డులో మొండి సూక్ష్మజీవులు పుట్టలేదని అర్థం కాదు.

మరో అభ్యంతరం బరువైనది. పోషకాహార లోపం వెంటాడే ఏజెన్సీ బిడ్డలకు చౌకగా దొరికే మాంసం కోడిదే, ఆంక్షలు పెడితే ధర పెరిగి పేదవాడి పళ్లెమే ఖాళీ అవుతుందని అంటారు. ఈ భయాన్ని తేలిగ్గా కొట్టేయకూడదు. కానీ దీనికి డెన్మార్క్ అనుభవం జవాబు చెబుతోంది. అక్కడ 1995లో దాణాలో కలిపే, వ్యాంకోమైసిన్ జాతికి చెందిన అవోపార్సిన్‌ను నిషేధించారు. 1998లో కోళ్ల పెంపకందార్లు ఎదుగుదల మందులన్నీ ఆపేశారు. కోళ్ల మరణాలు పెరగలేదు, కిలో మాంసానికి పట్టే దాణా మాత్రం స్వల్పంగా పెరిగింది. వ్యాంకోమైసిన్ జాతి మందులకు లొంగని ఎంటరోకాకస్ 1995లో బ్రాయిలర్ల నమూనాల్లో 70 శాతానికి పైగా ఉంటే, 2000 నాటికి పది శాతం లోపుకు దిగింది. మందు చేస్తున్న పనిలో చాలా భాగాన్ని శుభ్రమైన షెడ్డు, పొడి ఊక, తగినంత చోటు, టీకా చేయగలవని దీని అర్థం. మన కోళ్లను తుడిచిపెట్టే కొక్కెర తెగులు వైరస్ జబ్బు. దానికి ఎంత యాంటీబయాటిక్ పోసినా వృథానే, నివారణకు టీకాయే ప్రధానమైన దారి. ఆ టీకా హైదరాబాద్‌లోని పశువైద్య జీవ ఉత్పత్తుల సంస్థలోనే తయారవుతోంది. గ్రామీణ పెంపకానికి అనువైన వనరాజా, గ్రామప్రియ రకాలను రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధనా సంస్థ ఎప్పుడో ఇచ్చింది.

మందులకు లొంగని జబ్బు వస్తే అందరికంటే ఎక్కువ నష్టపోయేది ఉట్నూర్ లాంటి చోటే. వానాకాలం విరేచనాలతో, జ్వరంతో వచ్చిన గూడెం మనిషికి మొదటి మందు పనిచేయకపోతే రెండోది ఆదిలాబాద్ రిమ్స్‌లోనో, హైదరాబాద్‌లోనో వెతుక్కోవాలి. అంత దూరం పోయే ఖర్చు, సమయం అందరికీ ఉండవు. కాబట్టి ప్రతి షెడ్డులో ఏ మందు, ఎందుకు, ఎన్ని రోజులు వాడారో రాసిపెట్టే పుస్తకం ఉండాలి. పశువైద్యుడి చీటీ లేకుండా మందు అమ్మకూడదు. మందు కలిపిన దాణా పంపే కంపెనీ ఆ సంగతి సంచి మీద తెలుగులో అచ్చు వేయాలి, తప్పు జరిగితే రైతు కంటే ముందు జవాబు చెప్పాలి. ఐటీడీఏ, పశుసంవర్ధక శాఖ కలిసి గూడేల్లో ప్రతి వానాకాలానికి ముందే కోళ్లకు టీకాలు వేయించాలి. చికెన్ కొనేవాళ్లు కూడా ఈ కోడికి ఆఖరి మందు ఎప్పుడు వేశారని అడగడం అలవాటు చేసుకోవాలి. అడిగేవాళ్లు పెరిగితేనే దుకాణదారు తన కంపెనీని అడుగుతాడు.