మూసూ తునకలూ: పాలమూరులో ఒక జర్మను వంటింటి జాడ

క్రిస్మసు నాడు మా ఇంట్లో మాంసం కూర పక్కన ఒక తియ్యని పదార్థం ఉండేది. ఎండుద్రాక్షలను, దొరికిన ఏడు ఖర్జూరపు ముక్కలను నీళ్ళలో ఉడికించి, కాస్త గోధుమపిండిని పాలలో కలిపి పోసి చిక్కబరచి, చక్కెర వేసి చల్లార్చిన వంటకమది. మా అవ్వ దానిని "మూసు" అనేది. పాయసం లాగా భోజనం చివర కాక, మాంసపు వేపుడుతో పాటే నంజుకొని తినేది. చూసినవాళ్ళు నవ్వేవారు. "కూరల చక్కెర కలుపుకొని తినేటోళ్ళను యాడ జూడలే" అని మా మేనత్త ఆటపట్టించేది. అవ్వ చలించేది కాదు. "గట్లనే తినాలె బిడ్డా, బంగ్లల గట్లనే తింటుండిరి" అనేది.

ఆ బంగళా పాలమూరు జిల్లాలోని ఒక మిషను బంగళా. 1950లలో అవ్వ అక్కడి వంటింట్లో ఏడేళ్ళపాటు గిన్నెలు కడిగి, కూరగాయలు తరిగి, చివరి రెండేళ్ళు వంట కూడా చేసింది. దొరసాని ఏ దేశం మనిషో ఆమెకు తెలియదు. "అమెరికా అంటరు గని, ఇంట్ల మాట్లాడుకునేది ఇంగ్లీషు గాదు" అని మాత్రం చెప్పేది. ఆ మాటను మేమెవ్వరమూ పట్టించుకోలేదు. మూసు అనే మాటను కూడా అవ్వ సొంత కల్పనే అనుకున్నాము. తెలుగు నిఘంటువులు తిరగేస్తే మూత, మూస కనబడ్డాయి గానీ తినే మూసు కనబడలేదు.

అవ్వ పోయిన చాలా ఏళ్ళకు, వేరే పని మీద వెదుకుతూ ఉండగా ఒక వంటల పుస్తకం ప్రస్తావన కంటబడింది. 1960ల తొలినాళ్ళలో కెనడాలోని స్టైన్‌బాక్ పట్టణపు మెన్నొనైట్ స్త్రీలు తమ ఇళ్ళలోని వంటలను కూర్చి వేసుకొన్న పుస్తకమది. ఆ వంటలలో ఒకటి "ప్లూమా మూస్". ఎండు ఆల్‌బుఖారా పండ్లు, ఎండుద్రాక్షలు ఉడికించి, పిండితో చిక్కబరచి, చల్లార్చి, పండుగ రోజున ఉప్పులో ఊరిన మాంసంతో పాటు వడ్డించే వంటకం. జర్మనులో "మూస్" అంటే మెత్తగా ఉడికిన గుజ్జు. ఆ పంక్తుల ముందు చాలాసేపు కూర్చుండిపోయాను. అవ్వ ఏదీ కల్పించలేదు. మాట సరైనదే, తినే పద్ధతి కూడా సరైనదే. నవ్వినది మేము.

ఆ మాట పాలమూరుకు వచ్చిన దారి చాలా పొడవైనది. మెన్నొనైట్లు పదహారవ శతాబ్దంలో మెన్నో సైమన్స్ అనే డచ్చి బోధకుని పేరున ఏర్పడిన క్రైస్తవ శాఖ. పెద్దయ్యాక మాత్రమే బాప్తిస్మం, ఆయుధం పట్టకపోవడం వారి నియమాలు. ఆ నియమాల వల్లనే ఎక్కడా స్థిరంగా నిలవలేకపోయారు. డచ్చి దేశం నుండి ప్రష్యాలోని విస్తులా నదీముఖానికి చేరారు. అక్కడి పల్లె జర్మను వారి ఇంటిభాష అయింది. సైన్యంలో చేరమని ఒత్తిడి పెరిగినప్పుడు, రష్యా రాణి కాథరీన్ ఇచ్చిన హామీలను నమ్మి 1789 నుండి నేటి ఉక్రెయినులోని మైదానాలకు తరలిపోయారు. 1804లో మొలొచ్నా అనే పెద్ద స్థావరం ఏర్పడింది. 1870లలో రష్యా ఆ హామీల నుండి వెనుదీసినప్పుడు వేలాదిమంది అమెరికాలోని కాన్సాసు, నెబ్రాస్కాలకు, కెనడాలోని మానిటోబాకు ఓడలెక్కారు.

ఈ ప్రయాణమంతా వారి వంటింట్లో నిలిచి ఉంది. వారి బోర్ష్ ఉక్రెయిను పొరుగువారిది. క్యాబేజీ ఆకులో మాంసమూ బియ్యమూ చుట్టి వండే హొలుప్చీ కూడా అక్కడిదే. మనం జర్మను వంట అని ఒక్క మాటతో తేల్చేసే దానిలో మూడు నాలుగు దేశాల ఉప్పు కలిసి ఉంటుంది.

1860లో మొలొచ్నాలో మెన్నొనైట్ బ్రెదరన్ అనే చీలిక ఏర్పడింది. ఆ సంఘం నుండి ఏబ్రహాం ఫ్రీజెన్ అనే యువకుడు హాంబర్గులోని బాప్టిస్టు పాఠశాలలో చదివి, భార్య మరియాతో కలిసి 1889లో హైదరాబాదు రాజ్యానికి వచ్చాడు. అమెరికన్ బాప్టిస్టులతో కుదిరిన ఒప్పందం మేరకు ఆయనకు అప్పగించిన చోటు నల్లగొండ. ఉక్రెయిను గోధుమపొలాల మధ్య పుట్టిన జర్మను భాషీయుడు, రష్యా చక్రవర్తి ప్రజ, నిజాము రాజ్యంలో, తెలుగులో మాట్లాడుతూ, అమెరికా సంస్థ పేరున పనిచేశాడు. మన చరిత్ర పుస్తకాలు నల్లగొండ అనగానే సాయుధ పోరాటాన్ని తలుస్తాయి. తలచవలసినదే. కానీ ఆ ఊరికి ఇలాంటి పాత ముడి కూడా ఒకటి ఉంది.

అమెరికాకు వలసపోయిన అదే సంఘంవారు 1899లో వేరుగా ఇక్కడికి వచ్చారు. హైదరాబాదు మలక్‌పేటతో మొదలై నాగర్‌కర్నూలు, దేవరకొండ, శంషాబాదు, వనపర్తి, కల్వకుర్తి, జడ్చర్ల దాకా విస్తరించారు. 1937లో మహబూబ్‌నగరు, గద్వాల కూడా బాప్టిస్టుల నుండి వారి చేతికి వచ్చాయి. కాథరీనా షెల్లెన్‌బర్గ్ అనే వైద్యురాలు 1907లో వచ్చి, మొదట నాగర్‌కర్నూలులోనూ తరువాత శంషాబాదులోనూ వైద్యం చేసి, 1945లో ఇక్కడే కన్నుమూసింది. 1932లో శంషాబాదులో పుట్టిన మిషనరీ బిడ్డ పాల్ హీబర్ట్ తరువాత మానవశాస్త్రవేత్త అయి, పాలమూరు ప్రాంతపు పల్లె ఒకదానిలోని కులాల అల్లికపై "కొండూరు" అనే గ్రంథాన్ని 1971లో ప్రకటించాడు. వీరి చరిత్రపై పీటర్ పెన్నర్, పాల్ వీబ్ పుస్తకాలు రాశారు. నేను చదివినంత మేరకు వాటిలో దొరలూ దొరసానులూ ఉన్నారు, తెలుగు బోధకులూ ఉన్నారు. పొయ్యి ముందు నిలిచిన వాళ్ళు మాత్రం నాకు తారసపడలేదు. మా అవ్వ వంటి వాళ్ళ చరిత్ర ఒక మాటలోనో, ఒక గిన్నెలోనో మిగులుతుంది.

ఇక తునకల సంగతి. ఇది చెప్పడానికి నాకు చాలాకాలం పట్టింది.

మాది మాదిగవాడ. పశువు కోసిన రోజున వచ్చిన పాలు ఒక్కపూటకు మించి ఉండేది. అవ్వ ఆ మాంసాన్ని పొడుగాటి చీలికలుగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, ఇంటి వెనుక తాడు కట్టి ఆరవేసేది. పాలమూరు ఎండ నలభై డిగ్రీలు దాటే రోజుల్లో మూడు నాలుగు నాళ్ళకు అవి గలగలలాడేవి. అవే ఒట్టి తునకలు. కుండలో వేసి మూతికి గుడ్డ కడితే నెలల తరబడి ఉండేవి. వానాకాలంలో కూలి లేని రోజున నాలుగు తునకలు తీసి, వేడినీళ్ళలో నానవేసి, రాతిమీద దంచి, దోసకాయలోనో గోంగూరలోనో వేసేది. ఏడుగురికి కూర అయ్యేది. ఒక్కొక్కరి కంచంలో మాంసం ఎంత పడిందో లెక్కపెట్టవచ్చు. కానీ రుచి మాత్రం కూరంతటా ఉండేది.

మొలొచ్నా పల్లెల్లో శరదృతువు ముదిరి మంచు మొదలవగానే పందిని కోసేవారు. ఇరుగుపొరుగు అంతా వచ్చి సాయం పట్టేవారు. కొంత మాంసం ఉప్పులో ఊరేది. కొంత పేగుల్లో కూరి సాసేజీ అయ్యేది. తరువాత రెండింటినీ పొగగదిలో వేలాడదీసేవారు. ఉప్పు మాంసంలోని నీటిని లాగుతుంది, పొగ పైపొరను కాపాడుతుంది, చలి మిగిలిన పని చేస్తుంది. మన దగ్గర ఆ చలి లేదు, కనుక ఎండ ఆ పని చేస్తుంది. నీరు పోయిన మాంసంలో క్రిములు పెరగవు. సూత్రం ఒక్కటే. అక్కడ చలికాలం కోసం దాచుకొన్నారు, ఇక్కడ వానాకాలపు పస్తుల కోసం దాచుకొన్నారు.

ఇంకొక పోలిక కూడా ఉంది. 1920లలో రష్యాను వదిలిపోయిన మెన్నొనైట్లు "ట్స్వీబాక్" అనే చిన్న రొట్టెలను మళ్ళీ కాల్చి గట్టిపరచి, సంచుల్లో నింపుకొని రైళ్ళెక్కారు. నారాయణపేట, మక్తల్ వైపు మనవాళ్ళు జొన్నరొట్టెను కరకరలాడేదాకా ఎండబెట్టి కడక్ రొట్టె చేస్తారు. ఆనకట్టల పనులకు దేశమంతా తిరిగిన పాలమూరు కూలీలకు సద్దిమూట విలువ ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇంత పోలిక ఉన్నా ఆ రెండు వంటిళ్ళ మధ్య ఈ మాట ఎప్పుడూ జరగలేదు. బంగళాకు పోయే ముందు అవ్వ చీర మార్చుకొనేది. చేతులు రెండుసార్లు కడుక్కొనేది. ఏడేళ్ళలో తన ఇంటి కూరను ఒక్కసారి కూడా దొరసానికి పెట్టలేదు. ఎందుకని అడిగితే "నీసు వాసన బిడ్డా, ఏమనుకుంటరో" అంది. ఆ దొరసాని తాతముత్తాతల అటకల మీద కూడా మాంసం వేలాడుతూ ఉండేదని అవ్వకు ఎవరు చెబుతారు? దొరసానికి మూసు పంచుకోవడం తేలిక. అవ్వకు తునకలు పంచుకోవడం తేలిక కాదు. ఊరిలోని కులం ఆమె వెంట బంగళా మెట్లదాకా వచ్చేది.

నేను మాత్రం ఏమి తక్కువ చేశాను? హాస్టలులో చేరిన మొదటి ఏడు అవ్వ ఒక గుడ్డసంచిలో తునకలు కట్టి పంపింది. గదిలో వాసన పట్టి పక్కవాళ్ళు ముక్కు మూసుకొంటారని, ఆ రాత్రే ప్రహరీ అవతలి కంపలో పారవేశాను. సెలవులకు పోయినప్పుడు "తిన్నవా బిడ్డా?" అని అడిగింది. "తిన్న" అన్నాను. "ఇంకిన్ని పంపుదునా?" అంది. "వద్దవ్వా" అన్నాను. ఆమె ఇంకేమీ అనలేదు. తెలిసి ఊరుకుందో తెలియక ఊరుకుందో ఈనాటికీ నాకు అర్థం కాదు.

ఈ మధ్య ఆదివారాలలో నేను ఇంట్లో రెండు వంటిళ్ళ వంటలూ చేస్తున్నాను. మొదట సవర్‌బ్రాటెన్ పట్టాను. ఇది మెన్నొనైట్లది కాదు, జర్మనీలో చాలాచోట్ల వండుతారు. మాంసపు గడ్డను వినిగరులో ఉల్లిగడ్డ, మిరియాలు, లవంగాలు, ఆకు వేసి మూడు నాలుగు రోజులు ఊరబెట్టి, సన్నని మంట మీద గంటల తరబడి వండాలి. రైన్ నదీతీరాన చివర ఎండుద్రాక్షలు కూడా వేస్తారు. నా మొదటి ప్రయత్నం చెడింది. వాళ్ళ ఆకు వేరు, మన బిర్యానీ ఆకు వేరు అని తెలియక మూడు పెద్ద ఆకులు వేశాను, కూరంతా దాల్చినచెక్క వాసన కొట్టింది. రెండవసారి ఆకు మానేసి, వినిగరు సగానికి తగ్గించి, చింతపండు పులుసు పోశాను. ముదురు మేకమాంసం కూడా మెత్తబడింది. పులుపు మాంసాన్ని లొంగదీస్తుందని చింతచిగురు మాంసం వండే ఏ పాలమూరు తల్లికైనా తెలుసు. మిరియాలూ లవంగాలూ ఆసియా తీరాల నుండి జర్మనీకి పోయినవే. అందుకని ఆ వంటలో పరాయితనం నాకు పెద్దగా కనబడలేదు.

1976లో అమెరికాలో డోరిస్ జాన్సెన్ లాంగేకర్ అనే మెన్నొనైట్ మహిళ "మోర్ విత్ లెస్" అనే వంటల పుస్తకం కూర్చింది. 1920లో, రష్యా కరువు రోజుల్లో, తమవారి ఆకలి తీర్చడానికి పుట్టిన మెన్నొనైట్ సెంట్రల్ కమిటీ దానిని రాయించింది. ప్రపంచంలో తిండి చాలడం లేదు కనుక మాంసం తగ్గించండి, ఆసియా ఇళ్ళలో లాగా కొద్ది మాంసాన్ని అన్నంతో, పప్పుతో, కూరగాయలతో సాగదీయండి అన్నది దాని సారాంశం. ఇతర దేశాల్లో పనిచేసి వచ్చినవారి వంటలెన్నో అందులో చేరాయి. లక్షల ప్రతులు అమ్ముడుపోయిన ఆ పుస్తకం గురించి చదువుతుంటే నాకు దోసకాయ కూరలో నాలుగు తునకలు గుర్తుకొచ్చాయి. బంగళాలో మాంసం కడిగి ఇచ్చిన మనిషికి ఆ విద్య పుట్టుకతో తెలుసు. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

పోయిన క్రిస్మసుకు మా ఇంట్లో మూసు చేశాను. తునకలు కూడా వండాను. అవి ఎండబెట్టడం మా అమ్మ దగ్గర నేర్చుకొన్నాను. అపార్టుమెంటు మిద్దె మీద తాడు కట్టినప్పుడు ఒకరిద్దరు అడిగారు, ఏమిటవి అని. "తునకలు" అన్నాను. గొంతు తగ్గించకుండా అనడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. భోజనాల వేళ మా అమ్మాయి మూసును చివరకు మిగుల్చుకోబోతే, కాదని మాంసం పక్కనే వేశాను. కొంచెం తిని, "బాగానే ఉంది నాన్నా" అంది. మేనత్త నవ్వలేదు. మారు పెట్టించుకొంది.

మీ ఇళ్ళలోనూ నిఘంటువులకెక్కని ఇటువంటి వంటింటి మాటలు ఉండే ఉంటాయి. వాటిని పలికే పెద్దవాళ్ళు ఇంకా ఉంటే, నవ్వకుండా ఒక్కసారి అడిగి రాసి పెట్టండి. నేను నా వంతు అడగలేకపోయాను.