డైరెక్టరీ సర్వర్లలో దోషపూరిత వివరాలు – సాఫ్ట్‌వేర్ ఉన్నతీకరణకు ఆటంకాలు

(సమాచార వ్యాసం)

కార్యాలయ కంప్యూటర్లను వినియోగించే ఉద్యోగుల పేర్లు, పాస్‌వర్డ్‌లు, హోదాలు, ఇ-మెయిల్ చిరునామాలను ఒకేచోట భద్రపరచే వ్యవస్థయే డైరెక్టరీ సర్వర్. ఈ సర్వర్ నిలిచిపోయినచో లాగిన్, ఇ-మెయిల్, ఫైళ్ల వినియోగం ఒక్కసారిగా స్తంభిస్తాయి. దీని సాఫ్ట్‌వేర్‌ను ఉన్నతీకరించే సమయంలో తలెత్తే వైఫల్యాలలో అనేకం కొత్త సాఫ్ట్‌వేర్ లోపం వలన గాక, ఏళ్ల తరబడి పేరుకున్న దోషపూరిత వివరాల వలన సంభవిస్తున్నవి.

మూల కారణం

డైరెక్టరీలో ఏ రకమైన నమోదు ఉండవచ్చునో, అందులో ఏయే అంశాలు తప్పనిసరియో నిర్దేశించే నియమావళిని స్కీమా అంటారు. పాత వెర్షన్లు ఈ నియమాలను కొంత సడలింపుతో అమలు చేసినందున నియమవిరుద్ధమైన నమోదులు కూడా చేరిపోయినవి. కొత్త వెర్షన్ అట్టి నమోదులను తిరస్కరించడంతో డేటా బదిలీ మధ్యలోనే ఆగిపోతుంది.

ఓపెన్‌ఎల్‌డాప్ ఉదాహరణ

2002లో విడుదలైన ఓపెన్‌ఎల్‌డాప్ 2.1 నుండి ప్రతి నమోదుకు ఒక ప్రధాన తరగతి ఉండి తీరవలెనన్న నియమం ఖచ్చితంగా అమలులోకి వచ్చింది. ఒకే వ్యక్తి నమోదుకు 'ఇనెట్‌ఆర్గ్‌పర్సన్', 'అకౌంట్' అను రెండు తరగతులను జోడించిన డైరెక్టరీలు ఇబ్బంది ఎదుర్కొన్నవి. ఈ రెండూ వేర్వేరు ప్రధాన తరగతులు గనుక ఒకే నమోదులో ఇమడవు. ఏదో ఒకదానిని తొలగించుటయే పరిష్కారం.

విలువ లేని ఖాళీ అంశాలు మరొక సమస్య. టెలిఫోన్ నంబరు లేని ఉద్యోగికి ఆ అంశాన్ని పూర్తిగా వదిలివేయవలెనే గాని, ఖాళీగా నమోదు చేయరాదు. అదే విధంగా ఎల్‌డాప్ మూడవ వెర్షన్ ప్రకారం పేర్లు యూనికోడ్‌లోని యుటిఎఫ్-8 పద్ధతిలో ఉండవలెను. పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసిన పేర్లను మార్పిడి చేయకుండా చేర్చినచో అవి తిరస్కరణకు గురికావచ్చును, లేదా చదువ వీలులేని అక్షరాలుగా మిగిలిపోవచ్చును.

2021లో వచ్చిన 2.5 వెర్షన్ బిడిబి, హెచ్‌డిబి అను పాత నిల్వ పద్ధతులను తొలగించింది. అందువలన వాటిని వాడుతున్నవారు పాత వెర్షన్ ఉండగానే డేటాను 'స్లాప్‌క్యాట్' ద్వారా బయటకు తీసుకొనవలెను.

విండోస్ ఉదాహరణ

విండోస్ 2000 నుండి విండోస్ సర్వర్ 2003కు మారిన సంస్థలలో ఇట్టి సమస్యయే ఎదురైంది. ఎక్స్‌ఛేంజ్ 2000 మెయిల్ సర్వర్ ముందుగానే స్కీమాలో చేర్చిన 'సెక్రటరీ', 'లేబుల్డ్‌యుఆర్‌ఐ', 'హౌస్‌ఐడెంటిఫయర్' అను అంశాల నిర్వచనాలు ప్రమాణాలకు భిన్నంగా ఉన్నవి. సన్నాహక కార్యక్రమమైన 'ఆడ్‌ప్రెప్' అవే పేర్లతో కొత్త అంశాలను చేర్చగా, పేర్ల ఘర్షణ ఏర్పడి కొన్ని అంశాల పేర్లు 'డప్' అను ముందుమాటతో వికృతమైనవి. ముందుగా పేర్లను సరిచేసే స్క్రిప్టును అమలు చేయుటయే దీనికి నివారణ.

స్కీమాలో చేసిన మార్పు అన్ని డొమైన్ కంట్రోలర్లకు వ్యాపిస్తుంది. చేర్చిన అంశాన్ని నిష్క్రియం చేయవచ్చునే గాని తొలగించుట సాధ్యపడదు. కనుక ఒక్క సర్వర్‌ను బ్యాకప్ నుండి పునరుద్ధరించినంత మాత్రాన పూర్వస్థితి రాదు.

అధికారులు గమనించవలసిన అంశాలు

1. ఉన్నతీకరణకు ముందు పూర్తి బ్యాకప్ తీసుకొని, దాని నుండి పునరుద్ధరణ జరుగునో లేదో పరీక్షించవలెను.

2. డేటా నకలును వేరొక ప్రయోగాత్మక సర్వర్‌లో కొత్త వెర్షన్‌తో నడిపి చూడవలెను. ఓపెన్‌ఎల్‌డాప్‌లో 'స్లాప్‌యాడ్' ఆదేశానికి గల పరీక్షా విధానం డేటాను వ్రాయకుండానే తప్పులను చూపుతుంది.

3. స్కీమా తనిఖీని నిలిపివేసి డేటాను ఎక్కించుట తాత్కాలిక ఉపశమనమే. దోషం అట్లే ఉండి తదుపరి మార్పులో మరల బయటపడుతుంది.

4. విండోస్ డైరెక్టరీలో అన్ని కంట్రోలర్ల మధ్య సమాచార మార్పిడి సక్రమంగా ఉన్నదని నిర్ధారించుకొన్న పిదపనే స్కీమా మార్పు చేపట్టవలెను.

5. బదిలీ అయిన, పదవీ విరమణ చేసిన ఉద్యోగుల నమోదులను సిబ్బంది విభాగపు రికార్డులతో ఎప్పటికప్పుడు సరిపోల్చవలెను.