జాబితాలో ఆమె ఎక్కడ?

పేదల ఇళ్ల గురించి మాట్లాడేటప్పుడు ఎన్ని కట్టారు, ఎంత ఖర్చయింది అనే లెక్కలతోనే మనం ఆగిపోతాం. ఎవరి పేరు ముందు రాశారు, ఎవరి పేరు కొట్టేశారు అన్నది ఎవరికీ పట్టదు. అసలు రాజకీయం ఉన్నది ఆ వరసలోనే. విశాఖపట్నం చరిత్రను ఈ వరస వైపు నుంచి చదివితే, స్త్రీ ఈ ఊళ్లో ఎప్పుడు ఎలా లెక్కకొచ్చిందో, ఎందుకు రాలేదో కొంత తెలుస్తుంది.

1933లో హార్బరు తెరిచాక ఉత్తరాంధ్ర పల్లెల నుంచి కూలీలు ఊళ్లోకి వచ్చిపడ్డారు. తర్వాత షిప్‌యార్డు, 1957లో కాల్టెక్స్ రిఫైనరీ వచ్చాయి. పర్మినెంటు ఉద్యోగికి కంపెనీ క్వార్టరు, కూలికి కొండవాలు మీద పాక. క్వార్టరుకి వరస నిర్ణయించింది అవసరం కాదు, హోదా, సర్వీసు. ఉద్యోగం మగవాడిది కాబట్టి ఇల్లూ అతనిదే. అతను పోతే గడువులోగా ఆమె ఖాళీ చెయ్యాలి. పాక వేసుకున్న ఆడవాళ్లకి ఈ బాధ లేదు, ఎందుకంటే వాళ్ల పేరు ఏ కాగితం మీదా లేదు.

ఉక్కు ఫ్యాక్టరీ దగ్గర ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1971 జనవరిలో శంకుస్థాపన జరిగింది. 64 గ్రామాల భూములు పోయాయి. నిర్వాసిత కుటుంబాలకి ఆర్-కార్డులిచ్చి ఉద్యోగం, పునరావాస కాలనీలో స్థలం అన్నారు. పెదగంట్యాడ, వడ్లపూడి, అగనంపూడి వైపు కాలనీలు వెలిశాయి. ఆ కార్డుల కోసం పోరాటం ఇప్పటికీ తెగలేదు. ఆ పోరాటం మీద గౌరవం ఉంచుకునే ఒక మాట అడుగుదాం. 'కుటుంబం' అంటే ఎవరు? భూమి ఎవరి పేర ఉందో వారు, వారి కొడుకులు. రాష్ట్రంలో కూతుళ్లకి పిత్రార్జితంలో పుట్టుకతో వాటా ఇచ్చిన సవరణ 1985 సెప్టెంబరు నుంచి గానీ అమల్లోకి రాలేదు. ఫ్యాక్టరీ కోసం భూసేకరణ మొదలైంది అంతకు ముందే. పొలంలో నాటు వేసిన మనిషి, కలుపు తీసిన మనిషి భూమి పోగొట్టుకున్నవాళ్ల లెక్కలో లేదు. ఉక్కు ఆంధ్రుల హక్కు అన్నాం. ఆంధ్ర ఆడపడుచుల మాట ఆ నినాదంలో వినపడలేదు.

మునిసిపాలిటీ 1979లో కార్పొరేషన్ అయింది. 1988లో బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో మురికివాడల అభివృద్ధి పథకం మొదలైంది. దాన్ని నేను కాస్త మెచ్చుకుంటాను. జనాన్ని లేపెయ్యకుండా ఉన్నచోటే రోడ్లు, కాలవలు, దీపాలు, బాలవాడీలు ఏర్పాటు చేశారు, మహిళా సంఘాలనీ కలుపుకున్నారు. వాడంతటికీ అందేదానికి ఒక్కొక్క పేరూ ఏరే పని ఉండదు. 2005 డిసెంబరులో జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పథకం వచ్చి, మధురవాడ వైపు అపార్టుమెంట్లు లేచాక, మళ్లీ జాబితా, మళ్లీ ఏరివేత. పాచిపని చేసే మనిషికి ఇల్లంటే పని చేసే వీధికి నడిచి వెళ్లగలిగే దూరం. ఫారంలో ఆ దూరానికి గడి లేదు.

ఆ డబ్బిచ్చిన బ్రిటన్‌లోనే ఇళ్ల కేటాయింపు ఎలా జరిగేదో చూడండి. అక్కడ స్థానిక కౌన్సిలు దగ్గర వెయిటింగ్ లిస్టు ఉంటుంది. చాలా కౌన్సిళ్లు ఇరుకు, అనారోగ్యం, ఎదురుచూసిన కాలం, ఇలా ఒక్కోదానికి మార్కులు వేస్తూ వచ్చాయి. నిలువనీడ లేనివారి కోసం 1977లో చేసిన చట్టం గర్భవతికీ పిల్లలున్నవారికీ ప్రాధాన్యమిచ్చింది. భర్త కొడితే పారిపోయి వచ్చిన, పిల్లలు లేని స్త్రీ మాత్రం తాను 'బలహీనురాలి'నని నిరూపించుకోవలసిందే. ఇంగ్లండులో ఆ షరతు తీసెయ్యడానికి 2021 దాకా పట్టింది. కాబట్టి మార్కుల పద్ధతి ఏదో స్వర్గమని నేననను. కానీ ఎందుకు రాలేదని అడగడానికి అక్కడ ఒక వరస ఉంది. మన దగ్గర పథకం మారినప్పుడల్లా దరఖాస్తు కొత్తదే. పదిహేనేళ్లు ఎదురుచూసినదానికి విలువ లేదు.

2015 నాటి ప్రధానమంత్రి ఆవాస్ యోజన నిబంధనలు కాగితం మీద బాగానే ఉన్నాయి. ఇల్లు ఇంటి పెద్ద అయిన స్త్రీ పేర గానీ, ఉమ్మడిగా గానీ ఉండాలి. వికలాంగులకీ, వృద్ధులకీ, దళిత ఆదివాసీలకీ, ఒంటరి స్త్రీలకీ, ట్రాన్స్‌జెండర్లకీ ప్రాధాన్యమివ్వవచ్చు. నడవలేనివారికి కింది అంతస్తు చూడాలి. 'ఇవ్వాలి'కీ 'ఇవ్వవచ్చు'కీ మధ్య ఎంత దూరమో ఆఫీసు మెట్లెక్కినవాళ్లకి తెలుసు. టిడ్కో ఫ్లాట్లను చివరికి లాటరీ తీసి కేటాయించారు. లాటరీలో లంచం లేదంటారు, ఒప్పుకుంటాను. అయితే అందులో అవసరం కూడా లేదు. చంటిపిల్లతో అద్దెకొంపలో ఉన్న మనిషికీ, అత్తగారింట్లో సుఖంగా ఉన్న మనిషికీ ఒకటే చీటీ.

ఇంకో సంగతి. 2012 నుంచి 2021 మార్చి దాకా ఈ మహానగరానికి ఎన్నికైన కౌన్సిలే లేదు. ప్రత్యేకాధికారి పాలన. 2014 తర్వాత లబ్ధిదారుల ఎంపికలో జన్మభూమి కమిటీల మాట చెల్లింది. 2019 తర్వాత వార్డు సచివాలయాలు, వాలంటీర్లు వచ్చారు. 2021లో గొలగాని హరి వెంకటకుమారి మేయరయ్యే వేళకి జాబితాలు చాలావరకు తయారై ఉన్నాయి. పాలకవర్గంలో మహిళలకి సీట్లున్నాయి, సంతోషం. పేర్లు రాసే చెయ్యి మాత్రం పాలకవర్గంలో లేదు.

2020 నాటి ఇళ్ల స్థలాల పథకంలో పట్టాలు స్త్రీల పేరనే అన్నారు. పట్టణాల్లో సెంటు, అంటే 48 గజాల పైచిలుకు. తెల్లకార్డు ఉండాలి, రాష్ట్రంలో మరెక్కడా ఇల్లూ స్థలమూ ఉండకూడదు, గతంలో ప్రభుత్వ ఇల్లు పొంది ఉండకూడదు. ఈ చివరి షరతు దగ్గరే ఒంటరి స్త్రీ చిక్కుకుంటుంది. ఆమెను వదిలేసిన భర్త కార్డులో ఆమె పేరింకా ఉంటుంది. అతనికి ఎప్పుడో ఇల్లొచ్చి ఉంటే ఆమె కూడా పొందినట్టే లెక్క. విడాకుల కాగితం తెమ్మంటారు. కోర్టుకెళ్లకుండా విడిపోయిన వాళ్లెంతమందో మనకి తెలియదా? 2005 గృహహింస చట్టం ఆమెకి ఉన్న ఇంట్లో ఉండే హక్కు ఇచ్చింది. కొత్త ఇంటి జాబితాలో ఆమెని ముందుకి జరపమని కార్పొరేషన్‌కి చెప్పలేదు.

2021 అక్టోబరులో హైకోర్టు సింగిల్ జడ్జి, స్త్రీలకి మాత్రమే పట్టాలివ్వడం వివక్ష అనీ, అర్హులైన పురుషులకీ ట్రాన్స్‌జెండర్లకీ కూడా ఇవ్వాలనీ, సెంటు స్థలం చాలదనీ తీర్పిచ్చారు. ఆ ఏడాది చివర్లోనే డివిజన్ బెంచి దాన్ని పక్కన పెట్టింది. మనలో చాలామంది మొదటి మాటకి కోపం తెచ్చుకుని మిగతా రెండూ వినలేదు. ట్రాన్స్‌జెండర్ల మాట న్యాయమైనది. సెంటు మాట ఇంకా న్యాయమైనది. ఆమె పేర ఇచ్చారు కాబట్టి ఎంత ఇచ్చారని అడగకూడదా?

ఆ సెంట్ల కోసం విశాఖలో భూసమీకరణ చేశారు. 2020 జనవరి ఉత్తర్వులో 6,116 ఎకరాలు అన్నారు. అందులో కొంత భాగం ఒకప్పుడు పేదలకే పంచిన అసైన్డు భూమి. జీడిమామిడి తోటల్లో గింజలేరి బతికే ఆడవాళ్ల బతుకుతెరువు తీసి, పట్నంలో పాత్రలు తోమే ఆడవాళ్లకి పట్టాలు. కోర్టు వ్యాజ్యాలతో ఆగి ఆగి 2022 ఏప్రిల్ 28న సబ్బవరం మండలం పైడివాడ అగ్రహారంలో ఆ పట్టాల పంపిణీ జరిగింది. ఆ నెలలోనే జిల్లాలు విడగొట్టారు. సబ్బవరం అనకాపల్లి జిల్లాలోకి పోయింది. విశాఖ పేదరాలి ఇంటి స్థలం అలా పొరుగు జిల్లాలో పడింది. తెల్లవారి ఆరింటికి ఎంవీపీ కాలనీలో గిన్నెల దగ్గర ఉండాల్సిన మనిషి అక్కణ్ణుంచి ఏ బస్సుకి బయల్దేరాలో పట్టా మీద రాయలేదు.